సౌండ్‌ రాలేదా? ఫార్మాట్‌ కొట్టకండి.. కారణం పట్టండి!

అసెంబుల్డ్‌ కంప్యూటర్‌.. అందులో పాత విండోస్‌.. స్పీకర్‌ నోరు విప్పదు. ఇలాంటప్పుడు చాలామందికి తట్టే ఏకైక మార్గం ఫార్మాట్‌. అలా కాకుండా ఒక్కో కారణాన్నీ పక్కన పెట్టుకుంటూ వెళ్తే సిస్టమ్‌ బాగవుతుంది. డెస్క్‌టాప్‌ సపోర్ట్‌ కొలువుల ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం కూడా చేతికొస్తుంది. ఆ పద్ధతి ఏమిటో చూద్దాం!

రేపు ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ. ఒకసారి ట్రయల్‌ వేసుకుందామని రాత్రి 9కి హెడ్‌సెట్‌ పెట్టుకుంటే అవతలివాళ్ల మాట వినిపించదు. కింద టాస్క్‌బార్‌లో స్పీకర్‌ బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు. 'నిన్నటిదాకా బాగానే వచ్చిందిరా.. నేనేం ముట్టుకోలేదు' అని ఫ్రెండ్‌కి ఫోన్‌ చేస్తే, 'ఫార్మాట్‌ కొట్టెయ్‌ మామా, అదే వస్తుంది' అంటాడు.

ఓఎస్‌ మళ్లీ వేసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. సౌండ్‌ మాత్రం రాదు. పైగా ల్యాన్‌ డ్రైవర్‌ కూడా పోయి ఇప్పుడు నెట్‌ సైతం లేదు. ఒక సమస్య రెండైంది!

అసలు ఈ రోజుల్లో పాత ఓఎస్‌ ఎవరు వాడుతున్నారు అనుకోవద్దు. కాలేజీ ఇంగ్లిష్‌ ల్యాంగ్వేజ్‌ ల్యాబ్‌లు, పేజ్‌మేకర్‌-అను ఫాంట్లతో నడిచే డీటీపీ సెంటర్లు, పాత స్కానర్‌కో యంత్రానికో ముడిపడిన సాఫ్ట్‌వేర్‌ వాడే చిన్న ఆఫీసులు.. వీటిలో విండోస్‌ 7, అక్కడక్కడా ఎక్స్‌పీ కూడా కనిపిస్తాయి. అక్కడికి వెళ్లే సపోర్ట్‌ ఇంజినీర్‌ 'కొత్తది కొనుక్కోండి సార్‌' అని ప్రతిసారీ చెప్పి రాలేడు. ఉన్నదాన్ని నడిపించాలి.

ముందు మెసేజ్‌ చదవండి

స్పీకర్‌ బొమ్మ మీద మౌస్‌ పెట్టి రెండు సెకన్లు ఆగండి. విండోస్‌ 7లో అయితే సాధారణంగా మూడు రకాల మెసేజ్‌లలో ఒకటి కనిపిస్తుంది. మూడింటికీ ఎర్ర గుర్తు ఒకటే, కారణాలు మాత్రం వేరు.

* 'ఆడియో అవుట్‌పుట్‌ డివైస్‌ ఇన్‌స్టాల్‌ కాలేదు' అంటే సౌండ్‌ చిప్‌ విండోస్‌ కంటికి ఆనడం లేదు, లేదా దానికి డ్రైవర్‌ లేదు. వెళ్లాల్సింది బయోస్‌కి, డివైస్‌ మేనేజర్‌కి.
* 'స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్లు పెట్టలేదు' అంటే డ్రైవర్‌ ఉంది. పిన్ను పెట్టిన సంగతే సిస్టమ్‌కి తెలియడం లేదు. చూడాల్సింది జాక్‌, కేబుల్‌.
* 'ఆడియో సర్వీస్‌ నడవడం లేదు' అంటే హార్డ్‌వేర్‌ జోలికి వెళ్లే పనే లేదు. సర్వీస్‌ మొదలుపెడితే చాలు.

ఈ తేడా తెలియకుండా మూడింటికీ ఫార్మాటే మందు అనుకుంటే, రెండో రకం సమస్య పదిసార్లు ఓఎస్‌ మార్చినా పోదు.

అసెంబుల్డ్‌లోనే ఎందుకీ తిప్పలు?

బ్రాండెడ్‌ ల్యాప్‌టాప్‌కి కంపెనీ సైట్‌లో మోడల్‌ నంబర్‌ కొడితే డ్రైవర్లన్నీ ఒకేచోట దొరుకుతాయి. అసెంబుల్డ్‌ సిస్టమ్‌లో మదర్‌బోర్డ్‌ ఒకరిది, క్యాబినెట్‌ ఇంకొకరిది, గ్రాఫిక్స్‌ కార్డ్‌ మరొకరిది. వీటన్నింటినీ కలిపింది సికింద్రాబాద్‌ సీటీసీలో ఓ షాపువాళ్లో, మీ ఊళ్లో తెలిసిన అన్నో! మొత్తానికి ఒకే మోడల్‌ నంబర్‌ అంటూ ఉండదు.

దీనికి కాలం తేడా తోడవుతుంది. ఇంటెల్‌ 1997లో ఏసీ 97 అనే ఆడియో ప్రమాణాన్ని తెచ్చింది. 2004లో దాని స్థానంలో హెచ్‌డీ ఆడియో వచ్చింది. విండోస్‌ ఎక్స్‌పీ విడుదలైంది 2001లో. అంటే తర్వాత పుట్టిన హెచ్‌డీ ఆడియో ఎలా ఉంటుందో మొదటి ఎక్స్‌పీకి తెలియదు. అందుకే మైక్రోసాఫ్ట్‌ కేబీ 888111 పేరుతో ప్రత్యేకంగా ఒక బస్‌ డ్రైవర్‌ ఇచ్చింది. 2009లో వచ్చిన విండోస్‌ 7కి హెచ్‌డీ ఆడియో తెలుసు. తన దగ్గరున్న సాధారణ డ్రైవర్‌తో చాలా బోర్డుల్లో సౌండ్‌ తెప్పించగలదు. కానీ యూఎస్‌బీ 3.0 గురించి దానికి సొంతంగా తెలియదు.

పాత ఓఎస్‌ మీద కొత్త బోర్డ్‌ పెట్టినప్పుడు వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఇలాంటివే. ఓఎస్‌ ఏ సంవత్సరానిది, బోర్డ్‌ ఏ సంవత్సరానిది అన్నది కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

చేతులతో మొదలు

సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేముందు పది నిమిషాలు ఇవి చూడండి.

పిన్ను సరైన రంధ్రంలోనే ఉందా?: వెనకవైపు ఆకుపచ్చ జాక్‌ స్పీకర్లకి, గులాబీ రంగు మైక్‌కి, నీలం లైన్‌-ఇన్‌కి. బల్ల కింద చీకట్లో పెట్టేటప్పుడు ఆకుపచ్చకి బదులు నీలంలో దూర్చేయడం చాలా మామూలు.

మొబైల్‌ ఇయర్‌ఫోన్స్‌ వాడుతున్నారా?: వాటి పిన్ను మీద మూడు నల్లగీతలు ఉంటాయి. మాట, మైక్‌ రెండూ ఒకే పిన్నులో వెళ్తాయి. డెస్క్‌టాప్‌లో సాధారణంగా ఈ రెండింటికీ వేర్వేరు జాక్‌లు. అందుకే మీకు వినిపిస్తుంది కానీ మీ మాట అవతలివాళ్లకి వెళ్లదు. ఒక పిన్నును రెండుగా చేసే స్ప్లిటర్‌ కేబుల్‌ పెడితే సరిపోతుంది. దీనికి డ్రైవర్‌ మార్చనక్కర్లేదు.

హెచ్‌డీఎంఐ కేబుల్‌ ఉందా?: గ్రాఫిక్స్‌ కార్డ్‌ నుంచి మానిటర్‌కి హెచ్‌డీఎంఐ పెట్టగానే కొన్నిసార్లు సౌండ్‌ అటు మళ్లుతుంది. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేకపోతే నిశ్శబ్దమే. సౌండ్‌ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్‌ ట్యాబ్‌ తెరిచి, స్పీకర్స్‌ను డిఫాల్ట్‌గా పెట్టండి.

వెనక వస్తోంది, ముందు రావడం లేదా?: ఇది అసెంబుల్డ్‌ సిస్టమ్‌ల సొంత జబ్బు. క్యాబినెట్‌ ముందు జాక్‌ల నుంచి వచ్చే వైరు మదర్‌బోర్డ్‌ మీద 9 పిన్నులున్న ఆడియో హెడర్‌కి తగిలించాలి. కొన్ని క్యాబినెట్ల వైరుకి చివర రెండు ప్లగ్గులు ఉంటాయి. ఒకదాని మీద హెచ్‌డీ ఆడియో, రెండోదాని మీద ఏసీ 97 అని రాసి ఉంటుంది. హెచ్‌డీ బోర్డ్‌కి ఏసీ 97 ప్లగ్‌ పెడితే పిన్ను పెట్టిన విషయం సిస్టమ్‌ గుర్తించదు. ప్లగ్‌ మార్చండి. క్యాబినెట్‌కి ఏసీ 97 ప్లగ్‌ ఒక్కటే ఉంటే, రియల్‌టెక్‌ ఆడియో మేనేజర్‌లో ఫ్రంట్‌ ప్యానెల్‌ జాక్‌ డిటెక్షన్‌ను ఆపేసే ఆప్షన్‌ ఉంటుంది, దానికి టిక్‌ పెట్టండి.

ఒక జాగ్రత్త: యూఎస్‌బీ 2.0 హెడర్‌ కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. ఆడియో హెడర్‌లో 8వ పిన్ను ఉండదు, యూఎస్‌బీలో 9వ పిన్ను ఉండదు. బలవంతంగా నొక్కొద్దు. క్యాబినెట్‌ తెరిచేముందు కరెంట్‌ ప్లగ్‌ పూర్తిగా తీసేయండి.

బయోస్‌లో ఒక చూపు

సిస్టమ్‌ ఆన్‌ అవుతుండగా డిలీట్‌ లేదా ఎఫ్‌2 నొక్కితే చాలా బోర్డుల్లో బయోస్‌ తెరుచుకుంటుంది. అందులో ఆన్‌బోర్డ్‌ డివైసెస్‌ దగ్గర హెచ్‌డీ ఆడియో కంట్రోలర్‌, అజీలియా వంటి పేర్లతో ఒక ఆప్షన్‌ ఉంటుంది. అది డిజేబుల్‌లో ఉంటే విండోస్‌లో ఎన్ని డ్రైవర్లు ఎక్కించినా ఫలితం లేదు. ఎనేబుల్‌ చేసి సేవ్‌ చేయండి.

ఇక్కడే గడియారం కూడా చూడండి. తేదీ ఎక్కడో పాత సంవత్సరంలో ఉంటే బోర్డ్‌ మీద ఉండే సీఆర్‌ 2032 బ్యాటరీ అయిపోయినట్టే. బ్యాటరీ పోతే బయోస్‌లో మీరు మార్చిన సెట్టింగ్స్‌ నిలవవు. 'చేసినా మళ్లీ మొదటికొస్తోంది' అనే కంప్లైంట్‌ వెనక చాలాసార్లు ఉండేది ఈ చిన్న బిళ్లే.

డివైస్‌ మేనేజర్‌ ఏమంటోంది?

మై కంప్యూటర్‌ మీద రైట్‌ క్లిక్‌, మేనేజ్‌, డివైస్‌ మేనేజర్‌. పసుపు గుర్తున్న డివైస్‌ మీద డబుల్‌ క్లిక్‌ చేస్తే ఒక కోడ్‌ కనిపిస్తుంది. వీటిని గుర్తుపెట్టుకోండి. ఇంటర్వ్యూలోనూ అక్కరకొస్తాయి.

* కోడ్‌ 28: డ్రైవర్‌ అసలు లేదు.
* కోడ్‌ 10: డ్రైవర్‌ ఉంది, డివైస్‌ మొదలవడం లేదు.
* కోడ్‌ 22: ఎవరో డివైస్‌ను డిజేబుల్‌ చేశారు.
* కోడ్‌ 52: డ్రైవర్‌ డిజిటల్‌ సంతకాన్ని విండోస్‌ సరిచూసుకోలేకపోతోంది.

కోడ్‌ 52కి ఓ కథ ఉంది. తర్వాతి కాలంలో వచ్చిన డ్రైవర్లపై ఎస్‌హెచ్‌ఏ-2 పద్ధతిలో సంతకం ఉంటుంది. అప్‌డేట్లు వేయని విండోస్‌ 7కి అది అర్థం కాదు. 2015లో వచ్చిన కేబీ 3033929, 2019లో వచ్చిన కేబీ 4474419 అప్‌డేట్లు ఉన్నాయో లేదో చూడాలి. డ్రైవర్‌ పాడైందని అనుకుని నాలుగు సైట్లు తిరగడం కంటే ఇది తెలిస్తే పని తేలిక.

ఎక్స్‌పీలో మరో గుర్తు ఉంది. డివైస్‌ మేనేజర్‌లో పసుపు ప్రశ్నార్థకంతో వట్టి 'పీసీఐ డివైస్‌' అని కనిపిస్తే, అది ఆడియోదే అయితే, బస్‌ డ్రైవర్‌ లేదని అర్థం. 'ఆడియో డివైస్‌ ఆన్‌ హై డెఫినిషన్‌ ఆడియో బస్‌' అని కనిపిస్తే బస్‌ డ్రైవర్‌ ఉంది, చిప్‌ డ్రైవర్‌ ఒక్కటే కావాలి. ముందు బస్‌, తర్వాత చిప్‌. ఈ వరస తప్పితే సెటప్‌ మధ్యలోనే ఆగిపోవచ్చు.

చిప్‌ పేరు తెలియాలంటే..

అదే డివైస్‌లో డీటెయిల్స్‌ ట్యాబ్‌, అందులో హార్డ్‌వేర్‌ ఐడీస్‌ చూడండి. పొడవాటి కోడ్‌లో 'వెన్‌' తర్వాత ఉండేది తయారీదారు నంబర్‌, 'డెవ్‌' తర్వాత ఉండేది చిప్‌ నంబర్‌. వెన్‌ 10ఈసీ అంటే రియల్‌టెక్‌. 8086 అంటే ఇంటెల్‌, 10డీఈ అంటే ఎన్‌విడియా, 1106 అంటే వయా. ఉదాహరణకు వెన్‌ 10ఈసీ, డెవ్‌ 0887 అని ఉంటే మీ బోర్డ్‌ మీద ఉన్నది రియల్‌టెక్‌ ఏఎల్‌సీ 887. కనిపిస్తున్నది ఎన్‌విడియా నంబర్‌ ఒక్కటే అయితే అది గ్రాఫిక్స్‌ కార్డ్‌ తాలూకు హెచ్‌డీఎంఐ ఆడియో. ఆన్‌బోర్డ్‌ సౌండ్‌ బయోస్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు.

మదర్‌బోర్డ్‌ మోడల్‌ పేరు బోర్డ్‌ మీదే పెద్ద అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. ఆ పేరుతో తయారీదారు సొంత సైట్‌లో సపోర్ట్‌ పేజీకి వెళ్లి, మీ ఓఎస్‌, అది 32 బిట్టా 64 బిట్టా అన్నది ఎంచుకోండి. చిప్‌సెట్‌ డ్రైవర్‌ ముందు, ఆడియో డ్రైవర్‌ తర్వాత, ఆపైన రీస్టార్ట్‌.

'ఒక్క క్లిక్‌తో డ్రైవర్లన్నీ' అని ఊరించే ప్రోగ్రామ్‌లకు దూరంగా ఉండండి. అడగని సాఫ్ట్‌వేర్లు వెంటబెట్టుకొచ్చేవి వాటిలో చాలానే ఉంటాయి. రేపు ఆఫీసులో యూజర్‌ సిస్టమ్‌ మీద ఇదే అలవాటు చూపిస్తే చిక్కుల్లో పడేది మీరే.

హార్డ్‌వేర్‌ పోయిందా? ఓఎస్‌ మొండికేసిందా?

ఇన్ని చేసినా రాలేదంటే ఈ ఒక్క పరీక్ష చాలా సంగతులు తేల్చేస్తుంది. సిస్టమ్‌కి సరిపడే లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్‌ చేయకుండా లైవ్‌గా బూట్‌ చేయండి. హార్డ్‌డిస్క్‌లో ఉన్నదేదీ కదలదు. అక్కడ సౌండ్‌ సెట్టింగ్స్‌లో టెస్ట్‌ నొక్కండి.

వినిపించిందా? చిప్‌, జాక్‌, స్పీకర్‌ అన్నీ బాగున్నాయి. లోపం విండోస్‌ వైపే. వినిపించకపోతే కంగారుపడి చిప్‌ పోయిందనుకోవద్దు. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్‌ తెరవండి. మాస్టర్‌, హెడ్‌ఫోన్‌ గడుల కింద రెండు ఎం అక్షరాలు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. ఎం కీ నొక్కితే తెరుచుకుంటుంది. అప్పటికీ మౌనమే అయితే, ఆ స్పీకర్లను ఫోన్‌కి పెట్టి పనిచేస్తున్నాయని నిర్ధారించుకున్నాక మాత్రమే బోర్డ్‌ని అనుమానించండి.

డ్రైవర్‌ దొరకనే దొరకదంటే?

కొన్నిసార్లు నిజంగానే దారి ఉండదు. ఏఎల్‌సీ 4080 లాంటి కొత్త చిప్‌లు బోర్డ్‌ లోపల యూఎస్‌బీ దారిలో కలుస్తాయి. వాటి మీద విండోస్‌ 7తో కుస్తీ పట్టడం సమయం వృథా. అప్పుడు చిన్న యూఎస్‌బీ సౌండ్‌ కార్డ్‌ మంచి ఉపాయం. యూఎస్‌బీ ఆడియో క్లాస్‌ 1 రకానివి ఎక్స్‌పీలో, విండోస్‌ 7లో వేరే డ్రైవర్‌ లేకుండానే పనిచేస్తాయి. క్లాస్‌ 2 మాత్రమే తెలిసిన ఖరీదైన పరికరాలకి విండోస్‌ 7లో సొంత డ్రైవర్‌ లేదు. మైక్రోసాఫ్ట్‌ దాన్ని విండోస్‌ 10, 1703 వెర్షన్‌లో ఇచ్చింది. కాబట్టి ఇక్కడ చవకదే మేలు! అయితే యూఎస్‌బీ పోర్టులకే డ్రైవర్‌ లేకపోతే ఈ ఉపాయమూ పారదు.

మరో నిజం కూడా చెప్పుకోవాలి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌ 8న, విండోస్‌ 7కి 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్‌ మద్దతు ముగిసింది. విండోస్‌ 7లో నడిచే చివరి క్రోమ్‌ 109వ వెర్షన్‌. అంటే సౌండ్‌ వచ్చినంత మాత్రాన ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ లింక్‌ తెరుచుకుంటుందని భరోసా లేదు. పాత ఓఎస్‌ను దాని పనికే ఉంచి, వీలైతే నెట్‌కి కలపకుండా వాడటం మంచిది. బ్యాంకు లావాదేవీలు, దరఖాస్తుల ఫీజులు దాని మీద వద్దు. రేపటి ఇంటర్వ్యూకైతే ఫోనో, స్నేహితుడి ల్యాప్‌టాపో సిద్ధంగా పెట్టుకుని, ఈ రిపేరు ఎల్లుండి తీరిగ్గా చేసుకోండి. ఏ పని ఎప్పుడు చేయాలో తేల్చుకోవడం కూడా సపోర్ట్‌ ఉద్యోగంలో భాగమే.

కొలువుకి ఎలా పనికొస్తుంది?

డెస్క్‌టాప్‌ సపోర్ట్‌, సర్వీస్‌ డెస్క్‌, ఫీల్డ్‌ ఇంజినీర్‌.. ఈ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో 'యూజర్‌ ఫోన్‌ చేసి సౌండ్‌ రావట్లేదంటే ఏం చేస్తారు?' తరహా ప్రశ్నలు మామూలే. అక్కడ చూసేది మీకు ఎన్ని డ్రైవర్ల పేర్లు తెలుసని కాదు, ఎలా ఆలోచిస్తారని. 'డ్రైవర్‌ రీఇన్‌స్టాల్‌ చేస్తాను సర్‌' అన్నది బలహీనమైన జవాబు. దీన్ని ఇలా చెప్పి చూడండి:

'ముందు యూజర్‌ని రెండు ప్రశ్నలు అడుగుతాను మేడమ్‌. ఎప్పటి నుంచి రావట్లేదు, దానికి ముందు ఏం మారింది అని. తర్వాత స్పీకర్‌ బొమ్మ మీద మెసేజ్‌ చదవమంటాను. జాక్‌ సమస్యా, సర్వీసా, డ్రైవరా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. తేలికగా తేలిపోయేవి ముందు చూస్తాను. ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను. బాగయ్యాక మైక్‌ కూడా పరీక్షించి, ఏం చేశానో టికెట్‌లో రాస్తాను.'

ఈ జవాబు వెనక ఉన్నది కాంప్టియా ఏ ప్లస్‌ సర్టిఫికేషన్‌లో నేర్పే ఆరు అంచెల ట్రబుల్‌షూటింగ్‌ పద్ధతే. సమస్యను గుర్తించడం, కారణం ఇదై ఉంటుందని ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం, ప్రణాళికతో సరిచేయడం, అంతా పనిచేస్తోందని నిర్ధారించుకోవడం, చివరగా రాసిపెట్టడం. ఐటీఐలో కంప్యూటర్‌ హార్డ్‌వేర్‌ అండ్‌ నెట్‌వర్క్‌ మెయింటెనెన్స్‌ ట్రేడ్‌ చేసినవారికైనా, ఎలక్ట్రానిక్స్‌ సెక్టార్‌ స్కిల్స్‌ కౌన్సిల్‌ వారి ఫీల్డ్‌ టెక్నీషియన్‌ - కంప్యూటింగ్‌ అండ్‌ పెరిఫెరల్స్‌ కోర్సు చేసినవారికైనా, డిగ్రీ, బీటెక్‌ చదివి ఈ వైపు రావాలనుకునేవారికైనా ఈ పద్ధతి ఒకేలా ఉపయోగపడుతుంది.

ఆరింటిలో మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది చివరిదాన్నే. ఓ 200 పేజీల నోట్‌బుక్‌ కొనండి. బాగుచేసిన ప్రతి సిస్టమ్‌కీ అర పేజీ చాలు. బోర్డ్‌ మోడల్‌, ఓఎస్‌, కనిపించిన మెసేజ్‌, ప్రయత్నించినవి, చివరికి పనిచేసింది. పనిచేయనివి కూడా రాయండి. కాలేజీ ల్యాంగ్వేజ్‌ ల్యాబ్‌లో మూలన పడి ఉన్న సిస్టమ్‌లు ఉంటే ల్యాబ్‌ అసిస్టెంట్‌ గారిని అడిగి, వారి అనుమతితో ఒక్కొక్కటే చూడండి. ఇరుగుపొరుగు వాళ్లవి, మీ వీధి డీటీపీ సెంటర్‌వి కూడా. ఒక సెమిస్టర్‌లో పదీ పదిహేను ఎంట్రీలు తయారవుతాయి.

రెజ్యూమెలో 'గుడ్‌ ట్రబుల్‌షూటింగ్‌ స్కిల్స్‌' అని అందరూ రాస్తారు. 'ఒక ఉదాహరణ చెప్పండి' అన్నప్పుడు చాలామంది నీళ్లు నములుతారు. మీ దగ్గర నోట్‌బుక్‌ ఉంటుంది. ఏసీ 97 ప్లగ్‌ మార్చగానే ముందు జాక్‌లో పాట వినిపించిన రోజు, ఏ మెసేజ్‌ చూసి అటు వెళ్లారో, ఏది కాదని ఎలా తేల్చుకున్నారో మీ మాటల్లోనే చెప్పగలరు. ఈసారి సౌండ్‌ రాకపోతే ఫార్మాట్‌ సీడీ పక్కన పెట్టి, ముందు ఆ స్పీకర్‌ బొమ్మ మీద మౌస్‌ పెట్టండి.